దిగులుకి మందు రాయకండి

ఏటా జనవరి రెండో తేదీకల్లా ఉపదేశాలు మొదలవుతాయి. క్రిస్మస్ సెలవులు అయిపోయాయి, కొత్త సంవత్సరం వచ్చేసింది, ఇక హుషారుగా పనిలో పడండి అంటారు. మనసు బరువుగా ఉంటే పొద్దున్నే నడవమనీ, నీళ్ళు ఎక్కువ తాగమనీ, చెయ్యాల్సిన పనులు కాగితం మీద రాసుకోమనీ పత్రికల్లో ఆరోగ్యం పేజీ చెబుతుంది. ఆఫీసులో పైఅధికారి అదే సంగతి ఇంకొంచెం కరుగ్గా చెబుతాడు. ఇంట్లో పెద్దవాళ్ళు "పండగ చేసుకున్నారు, పిల్లలు వచ్చి వెళ్ళారు, ఇంకా ఆ మొహాలేమిటర్రా" అని దెప్పుతారు. మాటలు వేరైనా తీర్పు ఒకటే. సెలవుల తర్వాత వచ్చే దిగులు ఒక లోపం. అయితే బద్ధకం, లేకపోతే జబ్బు, రెండూ కాకపోతే ఇంగ్లీషువాళ్ళని చూసి నేర్చుకున్న సోకు.

ఈ తీర్పు నేను ఒప్పుకోను. విశాఖపట్నంలో కూర్చుని ఈ మాట అనేవాళ్ళు తమ ఊరిని సరిగ్గా చూడలేదన్నది నా ఆరోపణ. వాళ్ళు దిగులు అంటున్నదానిలో సగం దిగులే లేదు. సగం ఊరట ఉంది. చుట్టాలు బయల్దేరాక గుమ్మంలో నిలబడి ఏడుస్తూనే లోపల హమ్మయ్య అనుకున్న మనిషి ఆ హమ్మయ్యని ఎవరికీ చెప్పుకోలేడు. చెప్పుకోలేని ఆ సగాన్ని మింగేసి, మిగతా సగానికి పేరు పెట్టి, దానికి మందు రాస్తున్నారు మన సలహాదారులు. ఆ రెండూ కలిసే ఉన్నాయనీ, రెండూ న్యాయమైనవేననీ, వాటి మూలం మన మనసులో కాక మన పని, మన సెలవు, మన కుటుంబం అమరిన తీరులో ఉందనీ నా వాదం.

ముందు జబ్బు సంగతి తేల్చేద్దాం. జనవరి మూడో సోమవారం ఏడాది మొత్తానికీ దిగులైన రోజనీ, దాని పేరు 'బ్లూ మండే' అనీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు వార్త రాస్తారు. ఆ రోజుని కనిపెట్టింది వైద్యులు కారు. 2005లో బ్రిటన్‌లో స్కై ట్రావెల్ అనే పర్యాటక సంస్థ పత్రికలకు పంపిన ప్రచార ప్రకటనలో అది పుట్టింది. వాతావరణం, అప్పులు, క్రిస్మస్ అయిపోయి ఎన్నాళ్ళయిందన్నది, ఇలాంటివన్నీ కలేసి క్లిఫ్ ఆర్నాల్ అనే ఆయన పేరు మీద ఒక సూత్రం తయారుచేశారు. శాస్త్రం తెలిసినవాళ్ళు నవ్వి పారేశారు. ఆర్నాల్ కూడా తర్వాత్తర్వాత దాన్ని నమ్మొద్దనే చెప్పాడు. దిగులుపడ్డవాడు ఇంకో ప్రయాణానికి టికెట్ కొంటాడన్నదే దాని వెనక లెక్క. టికెట్ల వ్యాపారి అమ్మిన జబ్బుకి మన పత్రికలు ఉచితంగా మందు పంచుతున్నాయన్నమాట.

చలికాలంలో వెలుతురు తగ్గి మనసు కుంగిపోవడం ఉత్తరాది దేశాల్లో నిజంగానే ఉంది. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడుతుంది. మనకో? విశాఖలో ఏడాది మొత్తం మీద ఒంటికి హాయి అనిపించే నెల జనవరి. ఉక్కపోత ఉండదు, తుఫాను భయం ఉండదు, ఎండ ముద్దొస్తుంది. ఇంత వెలుతురులోనూ బరువుగా ఉందంటే ఆకాశాన్ని తప్పుపట్టి లాభం లేదు. మనుషుల మధ్య వెతకాలి. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీదే విసుగు పుడితే అది వేరే సంగతి. దానికి వైద్యులున్నారు, కేజీహెచ్ ఆస్పత్రి ఉంది, వాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, వెళ్ళడానికి సిగ్గుపడక్కర్లేదు. సెలవులైన తర్వాత నాలుగు రోజుల బరువుని దాంతో కలిపేస్తే ఆ నిజమైన జబ్బుకే అన్యాయం.

ఇక దిగుమతి సరుకన్న మాట. క్రిస్మస్ సెలవులే మనవి కానప్పుడు అవి అయిపోతే మనకి బాధెందుకని సామాజిక మాధ్యమాల్లో ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. విశాఖపట్నం నుంచే ఈ మాట రావడం వింత. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ ఈ ఊళ్ళోనే మకాం పెట్టి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. ఇద్దరూ అయిదారేళ్ళు తిరక్కుండానే చనిపోయారు. వాళ్ళు మొదలుపెట్టిన పని ఆగలేదు. పాతనగరంలో రాస్ హిల్ మీద మరియమ్మ గుడి, పక్క కొండ మీద వెంకన్న, ఇంకో కొండ మీద దర్గా. ముగ్గురూ రేవు కాలవలోకి వచ్చే ఓడల్ని చూస్తూ ఉంటారు. జ్ఞానాపురంలో అయిదో తరం, ఆరో తరం క్రైస్తవ కుటుంబాలు ఇంటి మీద నక్షత్రం కడుతున్నాయి, దించుతున్నాయి. ఆ నక్షత్రం దించేటప్పుడు వాళ్ళకి కలిగే బెంగని ఎవరు ఎక్కణ్ణుంచి దిగుమతి చేశారో చెప్పమనండి.

క్రైస్తవేతరుల విషయానికే వద్దాం. కాంగ్రెస్ మహాసభ మొదటిసారి బొంబాయిలో కూడింది 1885 డిసెంబర్ 28న. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు డిసెంబర్ చివరి వారంలోనే మహాసభలు పెట్టేవాళ్ళు. కారణం దేశభక్తి కంటే ముందు సెలవులు. కోర్టులు క్రిస్మస్‌కి మూసేస్తారు గనక ప్లీడర్లకు తీరిక దొరికేది. 1923లో మన కాకినాడ మహాసభ జరిగిందీ ఆ డిసెంబర్ చివరి రోజుల్లోనే. కోటూ తలపాగా పెట్టుకున్న ఆంధ్ర ప్లీడర్లు క్రిస్మస్ సెలవుల్లో స్వరాజ్యం అడిగి, జనవరిలో మళ్ళీ తెల్ల జడ్జీల ముందు నిలబడి 'మై లార్డ్' అన్నారు. ఆ మొదటి రోజు వాళ్ళ మనసులో ఏముండి ఉంటుందో నాకు ఊహించాలనిపిస్తుంది. వందేళ్ళ పైబడి ఈ సెలవులు మన ప్రజాజీవితంలో కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా కులం అడగడం దేనికి?

అసలు ఈ ఊళ్ళో క్రిస్మస్ సెలవుల బరువు ఎక్కువ మోస్తున్నది, క్రిస్మస్‌తో ఏ సంబంధమూ లేని ఇళ్ళు. కూర్మన్నపాలెం, గాజువాక, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార. ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో, యూనివర్సిటీలోనో చేసి రిటైరైన దంపతులు. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో. పిల్లలు ఎప్పుడొస్తారు? ఉగాదికి రారు, దసరాకి రారు, ఇంటి పండగైన సంక్రాంతికీ రారు. మనవలకి బడి సెలవులు, కొడుక్కి ఆఫీసు సెలవులు ఒకేసారి దొరికేది డిసెంబర్ ఆఖరి పది రోజులు. జనవరి మొదటి వారానికి అక్కడ బళ్ళు తెరుస్తారు. అంటే భోగిమంట వెయ్యడానికి వారం పది రోజుల ముందే ఇల్లు ఖాళీ. పక్కింట్లో సంక్రాంతి ముగ్గు, వీళ్ళింట్లో మడతపెట్టిన పరుపులు.

ఈ ఇళ్ళ మీదే సలహాదారుల కోపం ఎక్కువ. పిల్లలు బాగా బతుకుతున్నారు, వచ్చి చూసి వెళ్ళారు, కృతజ్ఞతగా ఉండక ఏడుపేమిటంటారు. నేను అడిగేది వేరు. ఆ ఇంట్లో ఆ పది రోజులూ ఏం జరిగిందో చూశారా? రాత్రి రెండింటికి మనవలు లేచి కూర్చుంటారు, వాళ్ళ ఒంటికి ఇంకా పగలే. అరవై అయిదేళ్ళ అమ్మ లేచి పాలు కాస్తుంది. పొద్దున్న ఒకరికి పెసరట్టు, ఒకరికి కారం లేని ఇడ్లీ, ఒకరికి సీరియల్. మధ్యలో అరకు ప్రయాణం, బొర్రా గుహలు, లంబసింగి మంచు, సింహాచలం దర్శనం, బంధువుల ఇళ్ళు నాలుగు, దంతవైద్యుడు, ఆధార్ కార్డులో అడ్రసు మార్పు. ఆఖరి రెండు రోజులూ కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ కట్టడం, సూట్‌కేసుని చేతి తక్కెడకి తగిలించి ఇరవై మూడు కిలోలు దాటిందా లేదా చూసుకోవడం, దాటితే ఏ పొట్లం తియ్యాలన్న దగ్గర మాటామాటా పెరగడం. ఆస్తి కాగితాల ప్రస్తావన వస్తుంది. "నాన్నా, మీరిద్దరే ఇక్కడెందుకు, ఫ్లాట్ అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్యండి" అన్న మాట వస్తుంది. కోడలు నొచ్చుకున్న మాట ఒకటి, అత్తగారు దిగమింగిన మాట ఒకటి.

విమానాశ్రయం నుంచి తిరిగొచ్చి ఆ అమ్మ కుర్చీలో కూలబడుతుంది. ఆవిడకి గుండె బరువుగా ఉంది, నడుము తేలికపడింది. ఆ రెండింటిలో ఏది అబద్ధం? గుండె మాట నమ్మి ఓదార్చేవాళ్ళు నడుము మాట వినరు. వింటే అడగాల్సి వస్తుంది, ఆ పది రోజులూ వంటింట్లో ఇంకో చెయ్యి ఎందుకు లేదని. రిటైరైన మొగుడుగారు పేపరు చదువుతూ "పిల్లలు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయిందోయ్" అంటారు. ఆయన ఇల్లు బోసిపోయింది నిజమే. ఆవిడ ఇల్లు శుభ్రపడింది. ఇద్దరి దిగులూ ఒకటే అనుకుని ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం ఎంత మోటు పనో చూడండి. ఆ రోజు ఆవిడకి కావలసింది నడకా కాదు, పనుల చిట్టా కూడా కాదు. "అలిసిపోయాను, వాళ్ళు వెళ్ళినందుకు కాస్త ప్రాణం లేచొచ్చింది" అని పైకి అన్నా కన్నతల్లి ప్రేమని ఎవరూ శంకించని ఇల్లు కావాలి.

వెళ్ళినవాళ్ళ సంగతీ అంతే. విమానంలో కూర్చున్న కొడుక్కి తన వంటిల్లు, తన నిశ్శబ్దం, తన వేళలు గుర్తొచ్చి ప్రాణం కుదుటపడుతుంది. ఆ వెంటనే సిగ్గు. నాన్నకి చెవి వినబడ్డం తగ్గిందని ఈసారి గమనించాడు. వచ్చే ఏటికి ఇంకెంత తగ్గుతుందోనన్న లెక్క కూడా వేసుకున్నాడు. అతనికి సమయపాలన మీద నాలుగు చిట్కాలు చెబితే సరిపోతుందా?

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైన వాదానికి వస్తాను. గౌరవంగానే వింటాను, ఎందుకంటే అది పేదవాడి పక్షాన మాట్లాడుతున్నట్టు ఉంటుంది. "ఇదంతా తీరికున్నవాళ్ళ గోల. ఇది ఓడరేవు, ఉక్కు నగరం. ఇక్కడ పనికి సెలవు లేదు, పనిచేసేవాడికి దిగుళ్ళు లేవు" అంటారు. మొదటి సగం అక్షరాలా నిజం. ఈ రేవుకి వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రారంభోత్సవం చేసింది 1933 డిసెంబర్ 19న, క్రిస్మస్ ఆరు రోజులుందనగా. ఓడ ఏ రోజొచ్చినా పైలట్ వెళ్ళాలి, టగ్గు కదలాలి. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లకి ఒకసారి నిప్పు పెట్టాక చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు కుంచించుకుపోయి గోడలు పగుళ్ళిస్తాయి. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని నదుల పేరూ తిండి పేరూ పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు పండగనాడు కూడా ఇనుప నీరు కక్కాల్సిందే. అందుకే ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది.

కానీ రెండో సగం శుద్ధ అబద్ధం. పనికి సెలవు లేనిచోటే సెలవు అయిపోవడం అందరికంటే ఎక్కువ తెలుస్తుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆరాధనకి వెళ్ళాలనుకున్న కార్మికుడికి సి షిఫ్టు పడితే ఏం చేస్తాడు? తోటివాణ్ణి అడుగుతాడు. "నువ్వు నా బదులు దిగు, భోగి రాత్రి నీ బదులు నేను దిగుతా." బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు సరేనంటాడు, అతనికి సంక్రాంతికి ఊరెళ్ళాలి. ఏ ఉత్తర్వులోనూ లేని ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నగరంలో రెండు మతాల పండగలు నడుస్తున్నాయి. దీన్ని చూసి మతసామరస్యమని ఉపన్యాసాలు దంచొచ్చు, నాకు ఓపిక లేదు. నేను చూసేది ఇంకొకటి. డిసెంబర్ 26 పొద్దున్న ఆ క్రైస్తవ కార్మికుడికి పండగతో పాటు బాకీ కూడా మిగులుతుంది. పిల్లలతో కేకు కోసిన సంతోషం, రాబోయే భోగి రాత్రి కొలిమి దగ్గర నిలబడాలన్న తలపు ఒకే పూట వస్తాయి. మిశ్రమ భావాలకి తీరిక కావాలని ఎవరన్నారు? ఈ మనిషికి అవి డ్యూటీ చార్టులోనే ఉన్నాయి.

కాంట్రాక్టు కార్మికుడి విషయం ఇంకా తిరకాసు. పనికెళ్ళని రోజు కూలి లేదు. అతనికి సెలవు అయిపోవడమంటే మళ్ళీ డబ్బు రావడం మొదలవడం. అక్కడ ఊరటదే పెద్ద వాటా. అయినా పిల్ల మెడ పట్టుకుని వదలకపోతే అతనికీ గేటు దాకా కాళ్ళు పడవు. బీచ్ రోడ్డులో ముంత మసాలా బండివాడికి డిసెంబర్ చివరి వారం ఏడాదిలోకెల్లా పెద్ద బేరం. టూరిస్టు బస్సులు కదిలిపోయాక బేరం పడిపోతుంది, కాళ్ళ నొప్పులు తగ్గుతాయి. లాభం పోయిన బాధ, నిద్ర దొరికిన సుఖం. పనివాడికి దిగులుండదని చెప్పేవాళ్ళు అతణ్ణి పొగుడుతున్నామనుకుంటారు. మనిషికి రెండు భావాలు ఒకేసారి ఉండే హక్కుని జీతం చూసి ఇస్తామంటున్నారు వాళ్ళు.

ఉక్కు మనిషికి కన్నీళ్ళుండవన్న సినిమా డైలాగుని ఈ ఊరి చరిత్రే కొట్టేస్తుంది. 1966లో కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. కర్మాగారం జాతికి అంకితమైంది 1992లో. 2021 జనవరి 27న వంద శాతం వాటాలు అమ్మాలన్న కేంద్ర నిర్ణయం వచ్చింది, అప్పట్నుంచి కార్మికులు శిబిరాలు వేసుకుని కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, అదే ఏడు కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ఆందోళనలూ జరిగాయి. ఇలాంటి చోట సెలవు ముగిసి గేటు వైపు నడిచేవాడి మనసు కలతపడకపోతేనే ఆశ్చర్యం. పండగ నాలుగు రోజులూ మర్చిపోయిన ప్రశ్న గేటు దగ్గర కాచుకుని ఉంటుంది. దాన్ని 'పోస్ట్ హాలిడే బ్లూస్' అనడం ఎంత హాస్యం!

మరి ఏం చెయ్యమంటావని అడగొచ్చు. ముందు, పాతవాళ్ళు ఏం చేశారో చూడండి. కనుమనాడు కాకైనా కదలదని మనకో సామెత. పండగ మర్నాడే ఎవర్నీ బండెక్కనివ్వకుండా దాన్నొక నిషేధంలా పెట్టారు. అదీ చాలక ముక్కనుమ తగిలించారు. క్రైస్తవ పంచాంగంలోనూ క్రిస్మస్ డిసెంబర్ 25 రాత్రికి అయిపోదు, తూర్పుదేశపు జ్ఞానులు శిశువుని చూడవచ్చిన జనవరి 6 దాకా సాగుతుంది. రెండు సంప్రదాయాలకీ ఒక సంగతి తెలుసు. పండగ నుంచి పనిలోకి దిగడానికి మెట్లు కావాలి. మెట్లు కొట్టేసింది ఆఫీసు క్యాలెండరు. ఆంధ్రప్రదేశ్‌లో డిసెంబర్ 26 ఐచ్ఛిక సెలవు మాత్రమే. మిషన్ బళ్ళకి క్రిస్మస్‌కి ఎక్కువ రోజులు, సంక్రాంతికి తక్కువ. మిగతా బళ్ళకి దానికి తిరగేత. అన్న ఒక బడిలో, చెల్లి ఇంకో బడిలో చదివే ఇంట్లో ఇద్దరికీ కలిసి సెలవు దొరికే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. బడి తెరిచిన మర్నాడే పరీక్ష పెట్టి, పిల్లవాడు కడుపునొప్పి అంటే వాడికి చదువు మీద శ్రద్ధ లేదంటారు.

మనసు మార్చుకోమని ఇంటింటికీ చెప్పే బదులు ఈ తేదీలు మార్చడం తేలిక. బళ్ళు తెరిచిన మొదటి మూడు రోజులు పరీక్షలు పెట్టకపోతే ఏ చదువూ చెడదు. డిసెంబర్ 26ని అడిగినవాడికి అడిగినట్టు ఇస్తే ఏ ఆఫీసూ కూలిపోదు. ఇక కొలిమి ఆరకూడదు కాబట్టి షిఫ్టులు తప్పవు, అది నేనూ ఒప్పుకుంటాను. అయితే డిసెంబర్ డ్యూటీ చార్టు, జనవరి డ్యూటీ చార్టు విడివిడిగా వెయ్యడమెందుకు? క్రిస్మస్ ముందురోజు రాత్రి నుంచి ముక్కనుమ దాకా ఒకే కాగితం మీద, డిసెంబర్ మొదటి వారానికే, కాంట్రాక్టు వాళ్ళ పేర్లతో సహా వేసి గేటు దగ్గర అంటించమనండి. ఎవరు ఎవరి బదులు దిగుతున్నారో అందులో రాయించండి. ఇన్నాళ్ళూ కార్మికులు నోటిమాట మీద నడుపుతున్న ఏర్పాటుకి యాజమాన్యం సంతకం పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం.